పిపెట్ అంచున ఎరుపు

"కిష్ణగిరిలో మామిడి పూత ఎట్లుంది సామీ?"

1982 ఫిబ్రవరి, గురువారం పొద్దున తొమ్మిదిన్నర. హోసూరు బస్టాండు బెంచీ మీద పక్కన కూర్చున్న దాసయ్య అడిగాడు. నుదుట మూడు నామాలు, మెడలో తులసి పూసలు, ఒళ్ళో తంబూరా. కాళ్ళకు మాత్రం అద్దంలా మెరిసే నల్ల బూట్లు. వేషమంతా వేసుకుని బూట్ల దగ్గరికి వచ్చేసరికి బద్ధకించే మనిషి ఈ భూమ్మీద ఒక్కడే. ఆయన పేరు బద్రీనాథ్. బెంగళూరు ఇంటెలిజెన్స్ ఆఫీసుకు చీఫ్.

"మంచుకు సగం రాలిపోయింది," అన్నాడు ఏజెంట్ 41 తిమ్మరాజు, నవ్వు పంటికింద నొక్కిపెట్టి.

కోడ్ కలిసింది. చీఫ్ బస్సుల వైపు చూస్తూ, పెదాలు కదిలీ కదలకుండా మాట్లాడాడు.

"రేపు మధ్యాహ్నం పన్నెండుకు డాక్టర్ జ్ఞానాంబను అరెస్ట్ చేస్తున్నాం."

తిమ్మరాజు నవ్వు ఎక్కడికక్కడ ఆగిపోయింది. "ఏం నేరం సార్?"

"నువ్వా అడిగేది? పద్నాలుగు నెలలు ఆమె ల్యాబ్‌లో అటెండర్‌గా గాజు సామాను కడిగావు. ఏం కనిపెట్టావు? సున్నా. మనోరమ వచ్చి పదిహేను రోజులు కాలేదు, కేసు తేల్చేసింది. ఆమె ఇచ్చిన సమాచారంతోనే బొంబాయి ఎయిర్‌పోర్టులో ఒక కొరియర్‌ను పట్టుకున్నాం. బూటు మడమలో మైక్రోఫిల్మ్. జ్ఞానాంబ నోట్‌బుక్ పేజీలు నలభై. చేతిరాత ఆమెదే. పోతున్నది సిండికేట్‌కు."

సిండికేట్ అంటే మూడు దేశాల్లో కంపెనీలు పెట్టుకుని, పరాయి ల్యాబ్‌ల పరిశోధనలు దొంగిలించి, తమ పేరున పేటెంట్ చేసుకునే ముఠా. ఈసారి వాళ్ళ కన్ను జ్ఞానాంబ తయారుచేసే కృత్రిమ చర్మం మీద పడింది. ఒళ్ళు కాలిన సైనికుల కోసం మన మిలిటరీ ఆస్పత్రి ఎదురుచూస్తున్న చర్మం అది.

"ఆమె అట్లాంటి మనిషి కాదు సార్. దినమూ చూస్తాండాను."

"చూడడం ఎవిడెన్స్ కాదు, ఫార్టీవన్. ఆర్డర్ విను. రేపు పన్నెండు వరకు ఆమె ల్యాబ్ దాటి పోకూడదు. నువ్వూ దాటకూడదు. ఏదైనా ఉంటే మనోరమకు చెప్పు, ఆమె నాకు చెబుతుంది. అక్క నంబరు ఈ రోజుతో కట్."

దాసయ్య లేచి తంబూరా మీటుకుంటూ ధర్మపురి బస్సు వెనక్కి వెళ్ళి మాయమయ్యాడు. తిమ్మరాజు చాలాసేపు అక్కడే కూర్చున్నాడు. సర్వీసులో ఎందరినో పట్టించాడు, ఒక్కరి కోసమూ ఇలా బస్టాండులో కూర్చుండిపోలేదు. రేపు పన్నెండు దాటితే జ్ఞానాంబ దేశద్రోహి. ఆమె తరఫున మాట్లాడడానికి ఈ ఊళ్ళో ఒక్క నరమానవుడు లేడు.

అక్క నంబరు సంగతి కూడా చెప్పాలి. తిమ్మరాజుకు అక్క లేదు. ఆ మాటకొస్తే ఎవరూ లేరు. నలభై ఆరేళ్ళు, పెళ్ళి లేదు, ఊరికొక పేరు. ఇక్కడి పేరు అంజనప్ప. ప్రతి గురువారం పది గంటలకు టెలిఫోన్ ఎక్స్ఛేంజ్‌కు వెళ్ళి, జబ్బుపడిన అక్కను పలకరించే తమ్ముడిలా బెంగళూరుకు ట్రంక్ కాల్ బుక్ చేసేవాడు. జ్వరం తగ్గిందా అంటే విశేషం లేదని అర్థం. ఆయాసం వచ్చిందా అంటే కొత్త మనుషులు కనిపించారని. ఈ లేని అక్క కోసం నిజంగా బెంగపెట్టుకున్నది మాత్రం ఆపరేటర్ కస్తూరి. "మీ అక్క పేరు చెప్పి చంద్రచూడేశ్వరుడి కొండెక్కి టెంకాయ కొట్టి వచ్చినానప్పా," అని ఒకసారి ఆమె ప్రసాదం చేతిలో పెడితే, ఎన్నో దేశాల గూఢచారులను ఏమార్చిన మహానుభావుడు సిగ్గుతో తల ఎత్తలేకపోయాడు.

తళి రోడ్డు చివర పెంకుటి బంగళా, అదే ల్యాబ్. పొద్దున్నే పాలక్యానులో ఐసు మధ్య కూరుకుని ఆవు ముక్కుల మెత్తటి ఎముక, మృదులాస్థి, వస్తుంది. పాలక్యాను ఎందుకయ్యా అంటే, లోపలున్నది ఎముకని తెలిస్తే బస్సు కండక్టర్ ఎక్కనివ్వడు. జ్ఞానాంబ దాన్ని సన్నగా తరిగి, మందుల్లో నానబెట్టి, అల్ట్రాసెంట్రిఫ్యూజ్‌లో రెండు రోజులు గిరగిర తిప్పి, ట్యూబ్ అడుగున పేరుకున్న జిగురును తీస్తుంది. ఆ జిగురే ప్రోటియోగ్లైకాన్.

ఆమెకు యాభై దాటాయి. సన్నటి మనిషి, సోడాబుడ్డి కళ్ళద్దాలు. బజారులో చింతపండు మండీ నడిపే శ్రీరంగయ్య శెట్టికి చెల్లెలు. ఎముకలు ముట్టుకునే ఉద్యోగం కాబట్టి ఇంట్లో ఆమె గది పెరట్లోకి మారింది. మధ్యాహ్నం ఇంటికి వెళ్ళి, బావి దగ్గర తలస్నానం చేసి, వెనక వసారాలో పెట్టిన ఆకు ముందు ఒక్కతే కూర్చుని తిని వస్తుంది. అన్న కసిరినవాడు కాదు, తిట్టినవాడు కాదు. పన్నెండేళ్ళుగా మాట్లాడడం మానేశాడు, అంతే.

అందుకేనేమో, ఆమె మాటలన్నీ గాజు సామాను కడిగే అంజనప్పకే దక్కేవి.

"మన ఒంట్లో కణాలు ఒకదాన్నొకటి అంటుకుని ఉంటాయనుకున్నావా అంజనప్పా?" అని ఒక సాయంత్రం అడిగింది. "లేదప్పా. ఈ మృదులాస్థిలో చూడు, ఒక్కో కణం ఒంటిగానే ఉంటాది. పక్కదానికీ దీనికీ నడుమ చానా దూరం."

"మరి ఒంటిగా ఉండేది ఎట్ల బతుకుతాదమ్మా?"

"ఆ నడుమ ఉండేదే దాన్ని సాకుతాది. ఎక్స్‌ట్రాసెల్యులర్ మ్యాట్రిక్స్ అంటారు. అందరూ ఖాళీ అనుకుంటారు, ఖాళీ కాదు. నులక మంచం తాడు ఉందే, అది కొల్లాజెన్. ఎంత లాగినా తెగదు. ఆ తాళ్ళ సందుల్లో నానబెట్టిన సబ్జా గింజలు కూరినామనుకో, అది ప్రోటియోగ్లైకాన్. నీళ్ళు పట్టుకుని ఉబ్బుతాది, బరువు మోస్తాది. రెండూ కలిస్తేనే మోకాలు, రెండూ కలిస్తేనే చర్మం. నేను చేసే పొర కాలిన చోట పరిస్తే, కణాలు దాంట్లోకి పాకి కొత్త ఇల్లు కట్టుకుంటాయి."

ఆ రాత్రి తిమ్మరాజు తన అద్దె గదిలో పడుకుని ఆ మాటలే తలచుకున్నాడు. సీక్రెట్ రిపోర్టులో అవి రాయలేదు. ఎందుకో ఎవరికీ ఇవ్వబుద్ధి కాలేదు.

ఇంకో చిత్రం ఉంది. విదేశాల్లో పెద్ద పెద్ద ల్యాబ్‌లు చేసినా ఈ జిగురు తునకలు తునకలుగా వచ్చేది, రాత్రి తెల్లవారేసరికి నీరుగారిపోయేది. జ్ఞానాంబ చేతిలో మాత్రం నిండుగా, గట్టిగా నిలిచేది. అదెలాగో ఎవరికీ అంతుపట్టలేదు.

ఆమె పద్ధతులు కూడా వింతే. ఆ రోజుల్లో పిపెట్ అనే సన్నటి గాజు గొట్టాన్ని నోట్లో పెట్టుకుని, పీల్చి ద్రవం తీయడం ఏ దేశపు ల్యాబ్‌లోనైనా మామూలు. జ్ఞానాంబ ఆ పని చూస్తే అగ్గి మీద గుగ్గిలమే. మద్రాసు నుంచి వచ్చిన పీహెచ్‌డీ కుర్రవాణ్ణి చేరిన మూడో రోజే "ఎంగిలి చేసినావు కదప్పా!" అని బయటికి పంపేసింది. ప్రతి పిపెట్‌కూ రబ్బరు బుడ్డి ఉండాల్సిందే. కాన్ఫరెన్సుల్లో దీన్ని చెప్పుకుని తోటి సైంటిస్టులు పడీపడీ నవ్వేవారట.

ఇక మనోరమ. ల్యాబ్‌కు ఆమె సెంట్రిఫ్యూజ్ కంపెనీ రిప్రజెంటేటివ్. తిమ్మరాజుకు మాత్రం ఢిల్లీ హెడ్‌క్వార్టర్స్ పంపిన సీనియర్ ఆఫీసర్. బాబ్ కట్, ఊదారంగు గాగుల్స్, స్లీవ్‌లెస్ జాకెట్టు, పెదాలకు దానిమ్మ గింజల రంగు లిప్‌స్టిక్, క్రీమ్ కలర్ ఫియట్. ఆమె కారు దిగితే తళి రోడ్డులో సైకిళ్ళు ఒకదాన్నొకటి గుద్దుకునేవి.

"నాకు సైన్స్ అంటే గుండెదడ, మిస్టర్ ఫార్టీవన్. నేను చదివింది బీకాం," అంది మొదటి రోజే. మాట్లాడినంతసేపూ గోళ్ళు చూసుకుంది తప్ప అతని మొహం చూడలేదు.

ఆ గురువారం మధ్యాహ్నం జ్ఞానాంబ ఇంటికి వెళ్ళగానే మనోరమ వచ్చింది. "రేపటి పని గుర్తుందిగా? వెళ్ళి భోంచేసి రా. ల్యాబ్‌ను నేను చూసుకుంటాను," అంది. సీనియర్ ఆఫీసర్ మాట. మెస్‌లో రెండు ముద్దలు మింగి తిమ్మరాజు తిరిగి వచ్చేసరికి ఫియట్ లేదు.

కడగాల్సిన సామాను జాడీలో ఉంది. ఒక్కొక్కటే తీసి కొళాయి కింద పెడుతున్నాడు. నాలుగో పిపెట్ దగ్గర చెయ్యి ఆగిపోయింది.

పై అంచున సన్నటి ఎర్రటి చుట్టు. దానిమ్మ గింజల రంగు.

కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి వెలుగులో చూశాడు. అనుమానం లేదు. ఈ ల్యాబ్‌లో పిపెట్‌కు నోరు పెట్టే మనిషి లేరు. లిప్‌స్టిక్ పూసుకునే మనిషి అసలే లేరు. కోల్డ్ రూమ్‌లోకి పరుగెత్తాడు. వరుసగా ఆరు ట్యూబులు. ఐదింటిలో మట్టం ఒకటే, ఆరో దాంట్లో అంగుళం తక్కువ.

సైన్స్ అంటే గుండెదడ అన్న బీకాం పిల్ల, సరిగ్గా ట్యూబ్ అడుగు దాకా గొట్టం దించి, పై నీళ్ళు కలవకుండా జిగురును మాత్రం పీల్చి తీసింది. అది ఏళ్ళ తరబడి ల్యాబ్‌లో పనిచేసిన చెయ్యి. మనోరమ సిండికేట్ మనిషి. నోట్‌బుక్ పేజీలు ఫోటో తీసింది ఆమె, కొరియర్‌ను పట్టించింది ఆమె, నేరం జ్ఞానాంబ మీదికి తోసింది ఆమె. రెండు వైపులా జీతం తీసుకునే డబుల్ ఏజెంట్.

ఎక్స్ఛేంజ్‌కు పరుగెత్తాడు. కస్తూరి నంబరు తిప్పి తిప్పి తల అడ్డంగా ఊపింది.

"ఆ నంబరే లేదంటాండారప్పా. పోయిన వారం దాకా ఉండె గదా. అక్కకు ఏమీ కాలేదు గదా?"

మెట్లు దిగి రోడ్డు మీదికి వచ్చాడు. చీఫ్‌కు చెప్పాలంటే దారి ఒక్కటే, మనోరమ. జ్ఞానాంబకు చెప్పాలంటే తనెవరో చెప్పాలి. పద్నాలుగు నెలలుగా నీ మీద నిఘా వేసినవాణ్ణి అని ఆమె కళ్ళలోకి చూసి చెప్పాలి. అంత ధైర్యం అతని దగ్గర లేదు. చెప్పినా లాభం లేదు, అతని మాట ఒక్కటే సాక్ష్యం. ఆ ఎర్ర మరక చూపిస్తే చీఫ్ నవ్వి ఊరుకుంటాడు. సరుకుతో సహా దొరకాలి.

శుక్రవారం ఎనిమిదింటికి ఫియట్ వచ్చి ల్యాబ్ ముందు ఆగింది. మనోరమ కిటికీలోంచే, "డాక్టరమ్మ లోపలే ఉందా?" అంది.

"ఉండారు మేడమ్."

"గుడ్. కృష్ణగిరి దాకా వెళ్ళి వస్తాను. మధ్యాహ్నానికి వచ్చేస్తాలే. పన్నెండు గంటల షో నువ్వు చూసి చెబుదువు."

పక్క సీటులో ఫ్లాస్క్ ఉంది. కారు కదలగానే గతుకులో ఎగిరిపడింది. లోపల ఐసు ముక్కలు గలగలమన్నాయి.

తిమ్మరాజు ఇరవై రెండేళ్ళ సర్వీసులో ఆర్డర్ దాటింది లేదు. ఆ రోజు దాటాడు. గదికి పోయి టిఫిన్ క్యారియర్, చేతిసంచి తెచ్చుకున్నాడు. క్యారియర్ అడుగు గిన్నెలో వైర్‌లెస్ మైక్, సంచిలో దాని టేప్ రికార్డర్. డిపార్ట్‌మెంట్ ఇచ్చిన నాటి నుంచి ఆ గిన్నెల్లో ఉప్మా తినడమే తప్ప మైక్ వాడే అవసరం రాలేదు.

"అక్కకు బాగలేదమ్మా," అన్నాడు జ్ఞానాంబతో. "కిష్ణగిరి ఆస్పత్రికి తెచ్చినారంట. పోయి వస్తాను. మీరు యాడికీ పోవద్దండి."

ఆమె చేతిలోని గిన్నె కింద పెట్టింది. "నేను యాడికి పోతానప్పా, ఈడనే ఉంటాను. నువ్వు పో. అక్కను బాగా చూసుకో." గుమ్మం దాకా వచ్చి, "నువ్వు లేకుంటే పదకొండు గంటల కాఫీ నేనొక్కదాన్నే తాగల్ల," అంది నవ్వుతూ.

తిమ్మరాజు చేతిసంచి భుజానికి తగిలించుకున్నాడు. తల ఊపి రోడ్డెక్కాడు.

తొమ్మిదిన్నరకు టమాటా లారీ దొరికింది. సూలగిరి దగ్గర ఎత్తు ఎక్కుతూ అది మూలిగింది, దిగుతూ పరుగెత్తింది. గంటన్నర పాటు గంపల మీద కూర్చుని అతను వాచీ చూస్తూనే ఉన్నాడు. కృష్ణగిరి అంత పెద్ద ఊరేం కాదు. పావుగంట తిరిగేసరికి కొండ కోట కింద ట్రావెలర్స్ బంగళా వరండా ముందు క్రీమ్ కలర్ ఫియట్ కనిపించింది. అప్పటికి పదకొండుంపావు.

వంటవాడు రెండు కాఫీలు ట్రేలో పెట్టి, చక్కెర కోసం వెనక్కి తిరిగాడు. తిమ్మరాజు ట్రే ఎత్తుకున్నాడు. వేషం అక్కర్లేదు, ఒంటి మీద అటెండర్ ఖాకీ చొక్కా ఉంది. తుండు తలకు చుట్టుకుని, తల వంచుకుని గదిలోకి నడిచాడు.  పదిహేను రోజులు రోజూ ఎదురుపడిన మనిషి, గుర్తుపడితే అయిపోయినట్టే.

"అక్కడ పెట్టు," అంది మనోరమ. చూడలేదు. ఏనాడు చూసింది గనక!

ట్రే బల్ల మీద, క్యారియర్ బల్ల కింద పెట్టి బయటికి వచ్చి తలుపు దగ్గరగా వేశాడు. బతికిపోయానన్న సంతోషంతోపాటు చిన్న బాధ కూడా కలిగింది. సంచిలో టేపు తిరగడం మొదలైంది.

లోపలున్న తెల్లవాడి పేరు హెల్మర్. సిండికేట్ కెమిస్ట్. ఇద్దరూ ఇంగ్లీషులో మాట్లాడుకున్నారు. తలుపు సందులోంచి తిమ్మరాజుకు అంతా కనిపిస్తోంది. హెల్మర్ ఫ్లాస్క్ విప్పి, అందులోని చిన్న సీసా తీసి, గాజు కడ్డీ ముంచి పైకెత్తాడు. మంచి జిగురైతే తేనెలా సన్నటి దారం సాగాలి. టపటపమని చుక్కలు రాలాయి.

"ఏమిటిది? సూప్ తెచ్చావా?"

"అసాధ్యం!" మనోరమ లేచి నిలబడింది. "నిన్న మధ్యాహ్నం నా చేతులతో తీశాను. ట్యూబ్ అడుగు నుంచి, నోటితో పీల్చి మరీ. మీ ల్యాబ్‌లో ఆరేళ్ళు చేసిన పనే కదా!"

"మరి ఇలా ఎందుకైంది? జ్ఞానాంబ నిన్ను మోసం చేసింది."

"ఆ పిచ్చిదానికి ఏమీ తెలియదు. ఆమె నోట్‌బుక్ ఫోటో తీసిందీ, ఆమే అమ్మినట్టు నమ్మించిందీ నేను. ఇంకో అరగంటలో ఆమెను సంకెళ్ళు వేసి తీసుకుపోతారు. అప్పుడు మిగతా ఐదు ట్యూబులూ నావే. సాయంత్రానికి తెచ్చిస్తాను."

చాలు. తిమ్మరాజు చెయ్యి చాచి బయటి గడియ వేశాడు.

తెల్లదొరల నాటి గడియ అది, బొటనవేలంత ఇనుము. కిటికీలకు చువ్వలు. పక్కనే వేలాడుతున్న వాచ్‌మన్ తాళం కప్ప తీసి బిగించాడు. లోపల కుర్చీ పడిన చప్పుడు, హైహీల్స్ టకటక, తర్వాత ఢాం అని పేలుడు. చెక్కలోంచి తూటా దూసుకొచ్చి చెవి పక్కన గోడలో దిగింది. లిప్‌స్టిక్ కెమెరాలు, పెన్ను పిస్తోళ్ళు ఎన్నో చూసిన ఏజెంట్ 41కు ఆ రోజు అక్కరకొచ్చింది ఒక గడియ. "సచ్చినా తెరవద్దు!" అని వాచ్‌మన్‌కు చెప్పి, వంటవాణ్ణి పోలీసుల కోసం పంపి, ఆఫీసు గదిలోని ఫోన్ దగ్గరికి పరుగెత్తాడు.

పదకొండు నలభై ఎనిమిది.

"హోసూరుకు లైన్లన్నీ బిజీ," అంది కృష్ణగిరి ఆపరేటర్. "నలభై నిమిషాలు అవుతుంది."

"అమ్మా, నీ కాళ్ళు పట్టుకుంటాను. హోసూరు ఎక్స్ఛేంజ్‌లో కస్తూరమ్మకు ఒక్క మాట చెప్పు. అంజనప్ప మాట్లాడతాండాడని."

గరగర. టక్కుటక్కు. తర్వాత ఆ గొంతు.

"అంజనప్పా! ఏమైందప్పా? అక్కకు ఎట్లుండాది?"

"ప్రాణం మీదికొచ్చిందమ్మా," అన్నాడు. ఈసారి అది అబద్ధం కాదు. "మా ల్యాబ్‌కు కలపల్ల. ఇప్పుడే కలపల్ల."

"లైన్‌లోనే ఉండు."

చింతపండు ధర మాట్లాడుతున్న మండీ శెట్టి ఒకాయన లైన్ ఆమె ఠక్కున లాగేసింది. ఆ శెట్టి శ్రీరంగయ్యేనని తర్వాత తెలిసింది. చెల్లెలికి ఆయన చేసిన సాయం పన్నెండేళ్ళలో అదొక్కటే, అదీ ఆయనకు తెలియకుండా.

"హలో, ఎవరది?" బద్రీనాథ్ గొంతు. అప్పటికే ల్యాబ్‌లో ఉన్నాడు.

"ఫార్టీవన్ సార్."

"ఎక్కడున్నావు నువ్వు? నీకిచ్చిన ఆర్డర్ ఏమిటి?"

"ఉద్యోగం పీకేయండి సార్. ముందు రెండు నిమిషాలు వినండి."

టేపు వెనక్కి తిప్పి, రికార్డర్‌ను రిసీవర్‌కు ఆనించాడు. మనోరమ గొంతు కృష్ణగిరి నుంచి హోసూరుకు తీగెల మీద నడిచింది. టేపు అయిపోయింది. అవతల ల్యాబ్ గోడ గడియారం పన్నెండు కొట్టడం మొదలుపెట్టింది. అన్ని గంటలూ మోగాయి. ఆ తర్వాత చీఫ్ ఎవరితోనో, "ఆ సంకెళ్ళు లోపల పెట్టండయ్యా," అన్నాడు.

తిమ్మరాజు కుర్చీలో కూలబడ్డాడు.  ఏడుపొచ్చింది, ఎవరూ లేరు కదా అని ఏడ్చాడు.

నాలుగింటికి ల్యాబ్‌కు తిరిగి వచ్చేసరికి జ్ఞానాంబ తొట్టి దగ్గర నిలబడి గాజు సామాను తనే కడుగుతోంది. వెనక్కి తిరగలేదు.

"మీ పేరు అంజనప్ప కాదంట."

పొద్దున్నదాకా నువ్వు అన్న మనిషి. చెవి పక్కన దూసుకుపోయిన తూటా కంటే ఆ 'మీ' అన్న మాటే అతనికి గట్టిగా తగిలింది.

"తిమ్మరాజు అమ్మా."

"పద్నాలుగు నెలలు నా మీదనే రిపోర్టులు రాసినారు."

"రాసినాను."

"ఏమని?"

"ల్యాబ్‌కు ఎవరెవరు వస్తారో దినమూ రాయమన్నారు. 'ఈ దినం కూడా ఎవరూ రాలేదు' అని రాసినాను. దినమూ అదే రాసినానమ్మా."

ఆమె కొళాయి కట్టేసింది. కొంగుతో కళ్ళద్దాలు తుడుచుకుంది, అద్దాల కింద కూడా తుడుచుకుంది.

"ఆ జిగురు ఎందుకు నీళ్ళయిపాయె అమ్మా?" అన్నాడు, ఏదో ఒకటి మాట్లాడాలి కాబట్టి.

"నోటితో పీల్చింది గదా. ఎంత జాగ్రత్తగా పీల్చినా నోట్లోని క్రిములు, ఎంజైములు కొంచెమన్నా దిగుతాయి. రాత్రంతా కూర్చుని ఆ పెద్ద గొలుసును తుంచి పెడతాయి. వాళ్ళ ల్యాబ్‌లల్లో జరిగేదీ అదే."

"ఆ సంగతి నోట్‌బుక్‌లో యాడా రాయలేదే?"

జ్ఞానాంబ అతని వైపు వింతగా చూసింది. "ఎంగిలి చేయగూడదని ఎవరన్నా రాసి పెట్టుకుంటారా? అది ఇంట్లో నేర్చుకుండేది." కడిగిన పిపెట్‌ను స్టాండులో పెట్టి అంది. "నన్ను పెరట్లో కూర్చోబెట్టిండే ఇల్లే నేర్పించింది."

 బయట పాలక్యాను బండి గలగలమంటూ వెళ్ళిపోయింది.

"మీకు అక్క ఉండేదన్నా నిజమేనా?"

"లేదమ్మా. ఎవరూ లేరు."

ఆమె స్టవ్ వెలిగించింది. పదకొండు గంటల కాఫీ నాలుగున్నరకు కలిపింది. పై నుంచి ధారగా అతని గ్లాసులో పోసి, తన గ్లాసు తీసుకుని, స్టూలు లాక్కుని ఎదురుగా కూర్చుంది.

"తాగు. చల్లారిపోతాది," అంది. "ఒక్కదాన్నే తాగలేక డికాక్షన్ అట్లే పెట్టినాను."

మళ్ళీ 'తాగు' అంది. తిమ్మరాజు గ్లాసు పైకెత్తి, పెదాలకు తగలకుండా, బొట్టు కింద పడకుండా తాగాడు.

మర్నాడే అంజనప్ప అనే అటెండర్ పేరు రిజిస్టర్‌లోంచి కొట్టేశారు. బద్రీనాథ్ అతన్ని తూత్తుకుడి పంపాడు, ఉప్పు గుమాస్తా వేషం, కొత్త పేరు, కొత్త అద్దె గది.

జూన్‌లో ఒక గురువారం, పొద్దున పది గంటలకు, హోసూరు ఎక్స్ఛేంజ్‌లో దీపం వెలిగింది.

"అంజనప్పా!" కస్తూరి అరిచినంత పని చేసింది. "యాడికి పోయినావప్పా ఇన్ని దినాలు? అక్క ఎట్లుండాది?"

"బాగుండాదమ్మా. నువ్వు కొట్టిన టెంకాయ పుణ్యమే. అయితే ఇప్పుడు బెంగళూరులో లేదు, ఊరు మారింది. మీ హోసూరులోనే, నూట పద్నాలుగు కలుపు."

కస్తూరి చేతిలో ప్లగ్గు గాల్లోనే ఆగింది.

"అది ఎముకల డాక్టరమ్మ నంబరు గదప్పా?"

"అవునమ్మా. అదే."

"సరే కలుపుతాండాను. మాట్లాడుకోండి. మూడు నిమిషాలైతే చెప్పల్ల, ఈ దినం గడియారం చూడనులే."

ఆ నెలాఖరులో డిపార్ట్‌మెంట్ నుంచి ఏటేటా వచ్చే సీక్రెట్ ఫారం వచ్చింది. దగ్గరి బంధువులు అన్న గడిలో తిమ్మరాజు ఇరవై రెండేళ్ళుగా రాస్తున్నట్టే 'ఎవరూ లేరు' అని రాసి సంతకం పెట్టాడు. ఏజెంట్ 41 తన సొంత డిపార్ట్‌మెంట్‌కు అబద్ధం చెప్పడం అదే మొదటిసారి.